ఎడమ తొడుగులో సూదిబెజ్జం

మూడున్నరకే పొద్దు వాలింది డండీలో.
టే నది మీంచి వచ్చే గాలి
కిటికీ సందుల్లో ఈల వేస్తోంది.
ఆ గాలితోనే మా పేచీ.

గాజుపెట్టెలో నైట్రోజన్ తప్ప ఇంకేదీ ఉండకూడదు.
పదిలక్షల్లో మూడు పాళ్ల ఆక్సిజన్, అంతవరకే ఓర్పు.
పొద్దున మీటరు మీద రెండు.
భోజనాలవేళ నాలుగు.
ఇప్పుడు పదకొండు.

మొరాగ్ పెట్రీ సబ్బునీళ్లు తెచ్చింది.
సైకిల్ ట్యూబుకి పంక్చర్ చూసినట్టు
నల్ల రబ్బరు తొడుగుల మీద పూసి
ఒక్కో వేలే వెతుకుతోంది.
ముప్పయ్యొక్క ఏళ్లుగా ఈ పెట్టెకి కాపలా ఆవిడ.
మా థీసిస్‌లలో ఆవిడ పేరు
కృతజ్ఞతల పేజీ దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు.

లోపల, మంచుముక్కల మీద, చిటికెనవేలంత గొట్టంలో
మూడోసారి దింపిన డికాషన్ రంగులో
పన్నెండు రోజుల నా కష్టం.
పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవి నుంచి
వడగట్టి తీసిన ఎంజైమ్.
దాని నడిబొడ్డున ఒక నికెల్, ఒక ఇనుము.
హైడ్రోజన్ వచ్చి ఆ రెండిటి మధ్య వాలుతుంది,
చప్పుడు లేకుండా చీలుతుంది.
ప్రోటాన్లు ఒక దారి,
ఎలక్ట్రాన్లు ఇంకో దారి:
ఇనుమూ గంధకమూ పేర్చిన మెట్ల మీద
ఒక్కొక్కటే దిగి
గ్రాఫైట్‌లోకి, తీగలోకి,
నా తెర మీది గీతలోకి.

ఆ ఇనుముని అంటిపెట్టుకున్నవి ఏమిటనుకున్నారు?
రెండు సయనైడ్లు, ఒక కార్బన్ మోనాక్సైడ్.
మనల్ని నిమిషాల్లో పడగొట్టే విషాలు
అక్కడ దూలాల్లా ఒద్దికగా ఇల్లు మోస్తున్నాయి.
మనం ప్రాణవాయువని పేరుపెట్టుకున్నదేమో
రెండు లోహాల నడుమ దూరి
అడ్డుగడియ వేస్తుంది.

గీత పడిపోతోంది.
హైడ్రోజన్ పంపాను, వోల్టేజీ మార్చాను,
బతిమాలాను కూడా.
కొన్ని మూర్ఛలు మొహాన నీళ్లు చల్లితే పోతాయి.
ఇది అది కాదు, గంటలు పట్టేది.

"మా నాన్న ఆ రైలు వంతెనకి రంగులేసేవాడు,"
బొటనవేలు దాటి చూపుడువేలికొచ్చింది మొరాగ్.
"ఆ ఒడ్డున ముగించేసరికి ఈ ఒడ్డున తుప్పు.
గాలిదే గెలుపు పిల్లా, అనేవాడు,
కొత్త డబ్బా మూత తీస్తూ."

కాస్త ఆగి,
"రెండోది పెట్టి చూడు."

రెండోదీ ఆ సూక్ష్మజీవిదే,
ఒకే కడుపున పుట్టిన తోబుట్టువు.
అదే నికెల్, అదే ఇనుము.
మొదటి మెట్టు ఒక్కటే తేడా:
ఒక గంధకం తక్కువ,
పట్టి ఉంచే సిస్టీన్లు రెండు ఎక్కువ.
ఆ మెట్టు కావలసినప్పుడు వంగుతుంది,
దిగిపోతున్న ఎలక్ట్రాన్లని వెనక్కి తెచ్చిస్తుంది.

సూదితో గదిలో గాలే తీసి ఎక్కించాను.
గీత తూలింది.
తూలి, నిలబడింది.
నెమ్మదిగా మళ్లీ ఎక్కడం మొదలెట్టింది.

అది తలుపులు బిగించుకోలేదు.
గుమ్మంలోకొచ్చిన వాడికి
మంచినీళ్లివ్వడం మనకి తెలుసు.
ఇది వచ్చినవాడినే నీళ్లు చేసి సాగనంపింది.

"దొరికింది," అంది మొరాగ్.
ఎడమ తొడుగు, ఉంగరంవేలి మొదట్లో
ఒక్క బుడగ,
ఆవగింజంత, ఉబ్బుతూ.

ఉంగరాలు తీసి చేతులు పెట్టండని
మా అందరినీ తిట్టే మనిషి
తన ఎడమచేతి వంక చూసుకుంది.
కీళ్లవాతానికి కణుపు లావెక్కింది,
ఇప్పుడది సబ్బుకీ రాదు, నూనెకీ రాదు.
ఆయన పోయి ఆరేళ్లు.

నేను తెర వైపు తిరిగాను.
ఆవిడ కత్తెర తీసుకుని
అతుకు గుండ్రంగా కోసింది, అంచులు అరగదీసింది,
జిగురు పూసి
బొటనవేలితో అదిమిపట్టి
పెదాలు కదుపుతూ అరవై లెక్కపెట్టింది.

మీటరు ఇంకా పదకొండే.
పక్కగదిలో కెటిల్ కట్టుకుంది.
"నీళ్లు కాగాయి, రా," అంది.
వెళ్తూ వెళ్తూ చూశాను,
పది.